పెద్ద అంటే ఎంత?



స్కాట్లండ్ పల్లెల్లో పెద్ద అనడానికి ఒక మాట ఉంది. మకుల్. మకుల్ ఇల్లంటే పెద్ద ఇల్లు. మకుల్ కుర్చీ అంటే చేతులున్న పెద్ద కుర్చీ. ఇదే మాటను కొన్నిచోట్ల మికిల్ అంటారు, ఇంకొన్నిచోట్ల మీకిల్ అంటారు. కోనసీమలోని మా ముమ్మిడివరంలో కూర్చుని ఆ మికిల్ అన్న మాట వింటే తెలుగు చెవికి వెంటనే మన మిక్కిలి తగులుతుంది. మిక్కిలి సంతోషం, మిక్కిలి ప్రేమ అని ఉత్తరాల్లో రాసుకున్న మాటే కదా. చప్పుడు అదే, అర్థమూ ఇంచుమించు అదే. ఇంకేం, స్కాట్లండు వాళ్లూ మనమూ చుట్టాలమైపోయాం అనుకోవచ్చు.

భాషల చుట్టరికం అంత తేలిగ్గా కలవదు. మన మిక్కిలిది మిగులు ఇంటి పేరు. మిగలడం, మించడం, మిక్కుటం, మిక్కిలి, ఇవన్నీ ఒకే కడుపున పుట్టిన మాటలు. తమిళంలోనూ వీటి అన్నదమ్ములున్నారు. ఇది ద్రావిడ భాషల సొంత ఆస్తి. స్కాట్లండు మికిల్‌ది వేరే వంశం. పాత ఇంగ్లీషులో ఆ మాట మిచెల్. సముద్రం దాటి బ్రిటన్‌కి వచ్చిన నార్స్ జనం నోట అది మికిల్. ఇంగ్లీషువాళ్లు మిచెల్‌ని వాడివాడి తోక తెంపేసి మచ్ చేసుకున్నారు. వెరీ మచ్ అని మన పిల్లలు రోజూ అనే మచ్ అదే. స్కాట్లండు వాళ్లు తోక తెంపలేదు, అంతే.

ఆ మకుల్‌కి అసలైన రక్తసంబంధి మన నోట్లోనే ఇంకొకటి ఉంది. మహా. సంస్కృతం మహత్, గ్రీకు మెగా, లాటిన్ మాగ్నస్, స్కాట్లండు మకుల్, ఈ నాలుగూ ఒకే తల్లి పిల్లలని భాషాశాస్త్రజ్ఞులు ఏనాడో తేల్చారు. మహాశివరాత్రిలో మహా, మెగా డీఎస్సీలో మెగా, షెట్‌లాండ్ దీవుల్లో మకుల్ ఫ్లగ్గా అనే రాతిదీవిలో మకుల్, మూడూ ఒకే మాట మూడు దేశాలు తిరిగి వేసుకున్న మూడు వేషాలు. వసిష్ఠ గోదావరి అవతల మొగల్తూరులో పుట్టిన చిరంజీవి గారిని మెగాస్టార్ అన్నప్పుడల్లా స్కాట్లండు రైతు మాటకి మేనత్త కూతురిని పిలుస్తున్నామన్నమాట. ఒకేలా వినిపించే మిక్కిలి, మికిల్ ఒకరికొకరు ఏమీ కారు. ఏ పోలికా లేని మహా, మకుల్ దగ్గరి చుట్టాలు. మాటల వంశవృక్షం రాసేవాళ్లు చెవిని నమ్మకపోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఈ మాట మీద ఒక తమాషా సామెత కూడా ఉంది. కాస్త కాస్త కూడితే మికిల్ అవుతుంది అని స్కాట్లండు పాత సామెత. చినుకు చినుకు కలిస్తే ఏరవుతుందని మనం అనడం లేదా, అలాగన్నమాట. కాలక్రమంలో దాన్ని జనం మార్చేసి, చాలా మికిల్‌లు కలిస్తే ఒక మకుల్ అవుతుందని అనడం మొదలెట్టారు. మికిల్ అంటే చిన్నదని, మకుల్ అంటే పెద్దదని ఊహించుకున్నారు. నిజానికి రెండూ ఒకే మాట. అంటే సామెత ఇప్పుడు చెబుతున్నదేమిటంటే, చాలా పెద్దలు కలిస్తే ఒక పెద్ద అవుతుందని! అయినా నూటికి తొంభైమంది ఆ తప్పు సామెతనే చెబుతారు, అందరికీ అర్థమవుతుంది కూడా.

ఇక మన పెద్ద సంగతికి వద్దాం. స్కాట్లండు నిఘంటువుల్లో మకుల్ కింద రాసిన అర్థాలు చూస్తే నాకు మన ఇళ్లే కనిపించాయి. ఒకటి, కొలతలో పెద్ద. రెండు, వయసొచ్చిన, ఎదిగిన. మూడు, హోదా ఉన్న, ఊళ్లో చెల్లుబాటయ్యే. నాలుగు, తనంతవాడు లేడనుకునే. ఈ నాలుగింటినీ మనం ఒక్క పెద్దతోనే సరిపెట్టుకుంటాం. పెద్ద చెరువు. పెద్దవాళ్లతో అలాగేనా మాట్లాడేది. తగువుని పెద్దల్లో పెట్టారు. పేద్ద చెప్పొచ్చేడండి. ఎక్కడి షెట్‌లాండు, ఎక్కడి కోనసీమ! ఇద్దరికీ ఒకరి ఊసు ఒకరికి తెలియకుండానే మాట అదే దారిన నడిచింది.

ఇలా ఎందుకు జరిగిందంటే, మనిషికి మొట్టమొదట పెద్దగా కనిపించేది కొండా కాదు, ఏనుగూ కాదు. తనని ఎత్తుకున్న మనిషి. పెద్ద అన్న మాటకి మూలం పెరుగు అన్న క్రియే. పెరుగు, పెంచు, పెను, పెద్ద, ఇవన్నీ ఒకే గూటివి. పెనుగాలి, పెనుతుఫాను అన్నచోట పెను అదే. పాత తెలుగులో పెద్ద కొలువుని పేరోలగం అన్నారు, అందులో మొదట ఉన్న పేర్ కూడా ఇదే. తమిళులు పెరియ అంటారు. కన్నడిగులు పకారాన్ని హకారం చేసుకున్నారు కనుక హిరియ అంటారు. పెరిగింది ఏదో అది పెద్ద. సంస్కృతంలోనూ ఇదే కథ. వృద్ధి అంటే పెరుగుదల, వృద్ధ అంటే పెరిగినది. మన మండలాల్ని ఒరుసుకుంటూ సముద్రంలో కలిసే గోదావరి పాయని వృద్ధ గౌతమి అంటున్నాం. వృద్ధ అనగానే ముసలిదని అర్థం చెప్పుకుంటాం గాని, తెలుగు చేసి పెద్ద గౌతమి అన్నా తప్పులేదు.

ఈ పెద్దకి కొలబద్ద ఏదని అడిగితే చిక్కొస్తుంది. మా ముమ్మిడివరానికి పేరు తెచ్చిన బాలయోగులు ఇద్దరు అన్నదమ్ములు. ఒకాయన పెద్ద బాలయోగి, రెండో ఆయన చిన్న బాలయోగి. శివరాత్రికి ఆశ్రమం చుట్టూ ఇసకేస్తే రాలనంత జనం. ఆ పేరొక్కసారి విడదీసి చూడండి. బాల అంటే పిల్లవాడు. పెద్ద అంటే పెద్ద. పెద్ద పిల్లవాడు! పెద్ద బాలశిక్షలోనూ ఇంతే. పెద్ద, బాల పక్కపక్కనే కూర్చున్నా ఇన్నేళ్లలో ఒక్కరికీ ఇబ్బంది అనిపించలేదు. ఎందుకంటే అక్కడ పెద్ద అన్నది ఒళ్లు కొలిచి చెప్పిన మాట కాదు, తమ్ముడి పక్కన నిలబెట్టి చెప్పిన మాట. ఇంకొకరు పక్కన లేనిదే పెద్ద లేదు.

ద్వారకా తిరుమలని మనవాళ్లు చిన్న తిరుపతి అంటారు. ఆ మాట పుట్టాకే అసలు తిరుపతి మనకి పెద్ద తిరుపతి అయింది. చిత్తూరు వైపు వాళ్లనడిగి చూడండి, తిరుపతి అనే అంటారు, పెద్ద అన్న ఊసే ఉండదు. భీమవరం పక్కన పెద అమిరం, చిన అమిరం, విశాఖలో పెద వాల్తేరు, చిన వాల్తేరు, కన్నడ దేశంలో దొడ్డబళ్లాపుర, చిక్కబళ్లాపుర. జంటలు జంటలుగా పుడతాయి ఈ పేర్లు. ఆ తర్వాత చిన్న ఊరు పెరిగి పట్నమైనా, పెద్ద ఊరు పెరక్కుండా ఉండిపోయినా పేర్లు మాత్రం మారవు. పుట్టినప్పుడు వేసిన వరసే ఖాయం. ఇంట్లోనూ అంతే కదా. తమ్ముడు ఆరడుగులు పెరిగి అన్న ఐదున్నర దగ్గర ఆగిపోతే, అన్న చిన్నోడైపోతాడా? పెద్దోడు పెద్దోడే, నడిపోడు నడిపోడే.

ఢిల్లీలో పెద్దల సభ అంటే రాజ్యసభ. అందులో ఉండదగిన సభ్యులు 250కి మించరు. లోక్‌సభలో 543 మంది. మన రాష్ట్రంలో శాసనసభకి 175 స్థానాలు, పెద్దల సభ అనే శాసనమండలికి 58. లెక్కలో చిన్నదే పెద్దల సభ. మన ఐ.పోలవరం మండలం ఎదుర్లంకలో పుట్టి, అమలాపురం నుంచి గెలిచి, 1998లో లోక్‌సభ స్పీకరైన జి.ఎం.సి. బాలయోగి గారు నడిపించింది జనం ఎక్కువున్న సభని. దాన్ని మాత్రం పెద్ద సభ అనరు. వయసుకి, అనుభవానికి పెద్దరికం కట్టబెట్టి ఆ రెండో సభకి పేరు పెట్టారు కనుక.

మన కడుపులోనూ ఇదే తంతు. చిన్నపేగు పొడవు సుమారు 20 అడుగులు. పెద్దపేగు 5 అడుగులు. పిల్లలు బడిలో ఈ లెక్క మొదటిసారి విన్నప్పుడు మాస్టారు పొరపాటు చెప్పారనుకుంటారు. పేరు పెట్టినవాడు పొడవు చూడలేదు, లావు చూశాడు. దేన్నిబట్టి పెద్ద అన్నది చెప్పకపోతే పెద్ద అన్న మాట సగమే చెప్పినట్టు.

ఆడపిల్ల విషయంలో ఈ మాట ఇంకో మలుపు తిరిగింది. ఒక మగమనిషిని ఊరంతా పెద్దమనిషి అంటే ఆయన నడవడికో, ఆస్తికో, నలుగురిలో మాట చెల్లడానికో ఆ గౌరవం. పన్నెండేళ్ల పిల్ల పెద్దమనిషైందంటే అది వేరు. ఆ పిల్ల ఏమీ చేయలేదు, ఎవరికీ తీర్పు చెప్పలేదు, ఆ రోజునుంచి ఆమె మాట ఎవరూ ఎక్కువగా వినరు కూడా. పైగా అప్పటిదాకా ఆడిన వీధి ఆటలు మానమంటారు. మాట ఒకటే. మగవాడికి గుమ్మాలు తెరుస్తుంది, ఆడపిల్లకి మూస్తుంది.

ఇక పలుకు. రేడియో కనుక ఇది చేసి వినిపించవచ్చు. పెద్ద అంటే సమాచారం. పేద్ద అంటే కళ్లు పెద్దవి చేసుకున్నట్టు. తాతగారు పొలంనుంచి వచ్చి, ఓరి నాయనో, గట్టు మీద పేద్ద పాము అన్నారనుకోండి, ఆ దీర్ఘంలో పాము పొడవూ ఉంది, తాతగారి భయమూ ఉంది. అదే దీర్ఘం ఇంకోచోట వెటకారం. పేద్ద కలెక్టరు బయల్దేరేడండి, అంటే ఆ మనిషి కలెక్టరు కాడని, కాబోడని, అలా అనుకుంటున్నాడని మూడు సంగతులు ఆ ఒక్క ఏత్వంలో ఇమిడిపోయాయి. అచ్చులో ఇది సగం కూడా దిగదు. మహా కూడా ఇంతే. మహానుభావుడు అన్నచోట ఆకాశమంత ఎత్తున ఉన్న మాట, సంతలోకి వచ్చేసరికి మహా అయితే యాభై రూపాయలు చేస్తుందండి అని బేరమాడుతుంది. అక్కడ మహా అంటే ఇంతకు మించదని గీసిన గీత.

తెలుగువాళ్లందరికీ పెద్ద ఒక్కటే మాటా అంటే అదీ లేదు. తెలంగాణలో అన్నం ముద్దగా, గింజ లావుగా ఉండే బియ్యం దొడ్డు బియ్యం. మన వైపు లావు బియ్యం. దొడ్డ అన్నది మనకీ పాత మాటే. దొడ్డ మనసు, దొడ్డ బుద్ధి అని ఇప్పటికీ అంటాం. అమ్మ అక్కని దొడ్డమ్మ అని పిలిచే ఇళ్లు గోదావరి జిల్లాల్లో ఉన్నాయి. కన్నడ దేశంలో దొడ్డే రోజువారీ మాట, చెట్టు పెద్దదైనా, ఇల్లు పెద్దదైనా దొడ్డదే. తెలంగాణలో అది గింజ మీద, తాడు మీద నిలిచింది, మన దగ్గర మనసు మీద, పెద్దమ్మ మీద నిలిచింది. దొడ్డిగుమ్మంలోని దొడ్డికీ దీనికీ ముడిపెట్టకండి, అది వేరు.

లావు సంగతి మరీ విచిత్రం. ఇవాళ లావు అంటే ఒళ్లు. కాస్త లావయ్యావే అంటే ఎవరికీ నచ్చదు. పాత కావ్యాల్లో లావు అంటే బలం. పోతన గజేంద్రుడు మొసలితో పోరాడి పోరాడి, ఇక తనకి లేదని దేవుడికి మొరపెట్టుకున్నది ఆ లావే. ఏనుగు సన్నబడలేదు, సత్తువ అయిపోయింది. ఆ పద్యం కంఠతా పట్టిన పిల్లలు ఇక్కడే పప్పులో కాలేస్తారు. ఒకప్పటి పొగడ్త ఇవాళ వెక్కిరింతయింది. బొండు అన్నది ఇంకొకటి. బొండుమల్లె అంటే గుండ్రంగా బొద్దుగా ఉండే మల్లె. మన పొలాల్లో బొండాలు అంటే లావు గింజ ధాన్యం. ఈ మాటలో పెద్దతనంతో పాటు గుండ్రదనం ఉంది. సన్నగా పొడుగ్గా ఉన్న దేన్నీ ఎవరూ బొండు అనరు.

పనిచేసే చోటికి వెళ్తే పెద్ద అన్న మాట అసలు చాలదు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్ ధరలు పేపర్లో వస్తాయి. తోట ఉన్న ఇంట్లో ఆ మూల చదవందే పేపరు మడవరు. కురిడీ కొబ్బరి ధరల దగ్గర రెండు మాటలుంటాయి. గండేర, గటగట. వెయ్యి కాయలకి గండేర ఇంత, గటగట ఇంత అని. కురిడీ అంటే తెలుసుగా, నీళ్లు ఇంకిపోయి, లోపలి కొబ్బరి ఎండి గుండుగా ఊడివచ్చే కాయ. గండేరకి ధర ఎక్కువ, గటగటకి తక్కువ. పెద్ద కాయ, చిన్న కాయ అని రాయవచ్చు కదా అనిపిస్తుంది కొత్తవాళ్లకి. పెద్ద అంటే తగువు. నీకు పెద్దది నాకు పెద్దది కాకపోవచ్చు. గండేర అంటే మార్కెట్లో పదిమంది చేతుల్లో నలిగి ఖాయమైన పెద్దతనం. అమ్మే రైతుకీ, కొనే వ్యాపారికీ ఒకే కాయ కళ్లముందు ఆడుతుంది.

రొయ్యల చెరువు దగ్గరికి రండి. ముమ్మిడివరం నుంచి కాట్రేనికోన వైపు, ఐ.పోలవరం వైపు వెళ్తే దారికిరువైపులా ఇవే కదా. వనామీ రొయ్య పెద్దదా చిన్నదా అని అక్కడెవరూ అడగరు. కౌంటెంతండీ అంటారు. చెరువులో విసురువల వేసి, పడిన రొయ్యల్ని కిలో తూచి, లెక్కపెడతారు. కిలోకి 30 తూగితే 30 కౌంటు, 100 తూగితే 100 కౌంటు. 30 కౌంటు రొయ్యే పెద్దది, ధర దానికే. అంకె ఎంత చిన్నదైతే రొయ్య అంత పెద్దది! చెరువుగట్టు మీద పుట్టి పెరిగిన కుర్రాడికి ఇది నేర్పక్కర్లేదు. పట్నం నుంచి వచ్చిన బంధువు మాత్రం, నూరు కౌంటటండీ అని రైతుని అభినందిస్తాడు, ఆ రైతు ముఖం చూడాలి అప్పుడు.

చూడండి, మల్లెకి బొండు, ధాన్యానికి బొండాలు, కొబ్బరికి గండేర, రొయ్యకి కౌంటు. ఒక్కో పెద్దతనాన్ని ఒక్కో పనివాడు కొలిచాడు. ఏది ఎక్కువైతే తనకి లాభమో దాన్ని పట్టుకున్నాడు. పూలమ్మేవాడికి గుండ్రదనం, చెరువు రైతుకి తూకం. మాండలికం అంటే యాస ఒక్కటే అనుకుంటాం మనం. ఆయ్ అనడం, అండీ అనడం వింటేనే కోనసీమ మనిషి అంటాం. అంతకంటే లోతుగా ఉన్నవి ఈ కొలతలు. ఎవరు, ఏ పని మీద, దేని పక్కన పెట్టి కొలిచారో ఆ మాటలోనే రాసి ఉంటుంది.

పెద్ద అన్న మాట ఒక్కోసారి పేరుగా మారి ఊరి జ్ఞాపకమైపోతుంది. 1829 ఆగస్టులో స్కాట్లండు ఈశాన్యాన ఫిండ్‌హార్న్, స్పే నదులు పొంగి వంతెనలు, ఇళ్లు, పంటలు ఊడ్చుకుపోయాయి. ఆ వరదని వాళ్లు మకుల్ స్పేట్ అన్నారు. అంటే పెద్ద వరద. దాదాపు 200 ఏళ్లయినా అక్కడి చరిత్రలో ఆ పేరు దానికే. మన గోదావరికీ పెద్ద వరద ఉంది. ఏది అని అడగండి, వయసుని బట్టి జవాబు మారుతుంది. ఎనభై దాటిన పెద్దాయన 1953 అంటారు. యాభై, అరవై ఏళ్లవాళ్లు తడుముకోకుండా ఎనభయ్యారు అంటారు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి చేరింది, ధవళేశ్వరం నుంచి 35 లక్షల క్యూసెక్కులు దాటి దిగువకి వచ్చింది. లంకలన్నీ ఏకమైపోయాయి. ఇవాళ కాలేజీలో చదివే పిల్లలకి 2022 జులై వరదే పెద్దది. అప్పుడు భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. అడుగుల లెక్క చూస్తే ఎనభయ్యారే పెద్దది. తన ఇంటి అరుగు మీదికి ఏ వరద ఎక్కిందో ఆ మనిషికి అదే పెద్ద వరద.

తుఫాను దగ్గర మాత్రం మన మండలాల్లో వయసు తేడా లేదు. 1996 నవంబరు 6 రాత్రి. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి మత్స్యకారుల ఊళ్లు ఎంత నష్టపోయాయో అందరికీ తెలుసు. వెయ్యిమందికి పైగా చనిపోయారు. కొబ్బరిచెట్లు తలలు విరిగి పడ్డాయి. తొంభయ్యారు తుఫాను అంటాం, లేదా ఊరికే ఆ గాలివాన అంటాం. దానికి పెద్ద అన్న మాట తగిలించాలని ఎవరికీ తోచదు. పక్కన పెట్టి పోల్చడానికి ఇంకొకటి లేనప్పుడు పెద్ద అనే పని కూడా ఉండదు.

మకుల్ లాంటి పల్లె మాటల్ని స్కాట్లండు వాళ్లు పోగేసిన తీరు మనకి పనికొస్తుంది. జాన్ జేమీసన్ అనే మతాచార్యుడు 1808లోనే స్కాట్స్ భాషకి నిఘంటువు అచ్చువేశాడు. స్కాట్లండు సరిహద్దు పల్లె డెన్‌హామ్‌లో పుట్టిన జేమ్స్ మర్రే 1873లో తన ప్రాంతపు మాండలికం మీద పుస్తకం రాసి, తర్వాత ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువుకే సంపాదకుడయ్యాడు. దేశదేశాల పాఠకులు చీటీల మీద మాటలు రాసి ఆయనకి పంపేవారు. ఒక్కో చీటీలో మాట ఒక్కటే రాస్తే చాలదు, అది వచ్చిన వాక్యమూ, ఎక్కడిదన్నదీ రాయాలి. ఆ తర్వాత స్కాటిష్ నేషనల్ డిక్షనరీ 1931లో మొదలై 1976లో పదో సంపుటంతో పూర్తయింది. అంటే 45 ఏళ్ల పని. 2025లో స్కాట్లండు పార్లమెంటు చట్టం చేసి స్కాట్స్‌ని అధికార భాషగా గుర్తించింది. పల్లెటూరి ఇంగ్లీషు అని బడిలో దెబ్బలు తిన్న మాటలు చట్టసభకెక్కాయి.

మనవాళ్లూ ఊరుకోలేదు. స్కాట్లండులోనే పుట్టి మన దేశపు మొదటి సర్వేయర్ జనరలైన కాలిన్ మెకంజీ 200 ఏళ్ల కిందట ఊరూరి చరిత్రలు, అంటే కైఫీయత్తులు, రాయించాడంటే, ఊళ్లు తిరిగి, కరణాలతో మాట్లాడి, శాసనాలు చదివింది ఏలూరు వాళ్లైన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు చేసిన పోరాటం మనకి తెలిసిందే. ఆ తర్వాత భద్రిరాజు కృష్ణమూర్తి గారు రైతుల నోటి మాటలు ఊరూరా సేకరింపజేసి మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో తెచ్చారు. అది వ్యవసాయ పదాలది. 1971లో చేనేత పదాలది వచ్చింది. తెలుగు నేలని భాషని బట్టి నాలుగు మండలాలుగా చూడవచ్చని కూడా ఆయనే చూపించారు. అందులో మనది మధ్య మండలం.

ఆ సేకరణ నాటికి మన దగ్గర వనామీ చెరువులు లేవు. కౌంటు అన్న మాట అప్పుడు ఏ రైతు నోటా లేదు. ఇవాళ ఉంది. అప్పుడున్న మాటలు కొన్ని ఇవాళ లేవు. కుంచాలతో, గంపలతో కొలిచిన చేతులు తగ్గిపోయాయి, కనుక కుంచెడు, గంపెడు అన్నవి కథల్లోకి వెళ్లిపోతున్నాయి. పేపర్లో, టీవీలో ఏది చూసినా భారీ. భారీ వర్షం, భారీ చేప, భారీ జనం. తప్పేమీ లేదు, ఆ మాటా మనదే అయింది. చిక్కెక్కడంటే, భారీ అన్నది ఎవరు కొలిచారో, దేని పక్కన పెట్టి కొలిచారో చెప్పదు. వర్షానికీ, చేపకీ, జనానికీ ఒకే కొలత సరిపోయిందంటే ఎక్కడా సరిగ్గా కొలవలేదని అర్థం.

అందుకని వింటున్న పిల్లలకి, ముఖ్యంగా కాలేజీ పిల్లలకి, ఒక పని చెబుతాను. మీ ఇంట్లో, మీ వీధిలో, చెరువుగట్టు మీద, కొబ్బరి దింపేచోట, చేపల రేవులో పెద్ద అన్న అర్థం వచ్చే మాట ఏది వినిపించినా రాసుకోండి. ఫోనులో రికార్డు చేసుకున్నా మంచిదే. మాట ఒక్కటే రాసి వదిలేయవద్దు. అన్న మనిషి ఏ పని చేసేవారో రాయండి. దేన్ని చూసి అన్నారో రాయండి. అన్న వాక్యం పొల్లుపోకుండా మొత్తం రాయండి, దీర్ఘం తీస్తే దీర్ఘంతో సహా. ఆ పెద్దదాని పక్కన చిన్నదాన్ని ఏమంటారని మరిచిపోకుండా అడగండి. చిన్నదాని పేరు తెలిస్తేగాని పెద్దదాని అర్థం పూర్తిగా తేలదు. అలా రాసిన కాగితాలు మీ తెలుగు మాస్టారికి ఇవ్వండి, ఆయన తీసుకోకపోతే మీ దగ్గరే ఉంచండి, ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు నిఘంటువు కోసం వెతుక్కుంటూ వస్తారు.